రాదని తేలితే ఆ మాటా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీని వదలకుండా చదివేవాళ్లలో నేనొకణ్ని. కొత్త ఆన్‌లైన్ ఆటల కబుర్లు అందులో తరచూ వస్తుంటాయి. 'త్వరలో రానుంది', 'ఈ ఏడాదే విడుదల', 'అభిమానులకు శుభవార్త' అని శీర్షికలు పెడుతుంటారు. అలా ప్రకటించినవాటిలో ఎన్ని వచ్చాయో, ఎన్ని మధ్యలో ఆగిపోయాయో ఎక్కడా కనబడదు. ఈ విషయంలో మీతోనూ ఒక మాట ఉంది గానీ, అంతకు ముందు ఆ ఆటలు తయారుచేసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఆటలనగానే పేకాట యాప్‌లు అనుకోవద్దు. డబ్బు పెట్టి ఆడేవాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది, సంతోషం. నేను చెప్పేవి కాలక్షేపానికీ స్నేహానికీ ఆడే ఆటలు. అరవై దాటిన మనిషికి ఇదేం సరదా అని మా ఆవిడతో సహా చాలామంది నవ్వారు, నవ్వనివ్వండి. ఓడల మీద సరుకు రవాణా చేసే ఆట ఒకటి ఆడుతుంటాను. మా బృందంలో మస్కట్‌లో నర్సుగా పనిచేసే కడప అమ్మాయి ఉంది, నన్ను 'బాబాయ్ గారూ' అంటుంది. వరంగల్‌లో డిగ్రీ చదివే కుర్రాడు ఉన్నాడు. రాత్రి భోజనాలయ్యాక అందరం కలిసి లంగరు ఎత్తుతాం.

ఆ ఆట పేరు రాయను, కంపెనీ పేరూ రాయను. నదీ మార్గాలు వస్తున్నాయని, చిన్న పడవలతో లోపలి ఊళ్లకు వెళ్లవచ్చని వాళ్లు ఒకప్పుడు ప్రకటించారు. సీజన్ పాస్ (కొన్ని నెలలకోసారి వచ్చే కొత్త విభాగాల కోసం కొనే టికెట్టు) అమ్మిన పేజీలో నది బొమ్మ పెద్దగా వేశారు. కొన్నాం. సీజన్ గడిచింది, ఇంకో సీజన్ వచ్చింది. ఒకరోజు చూస్తే ఆ పేజీలో నది లేదు, దాని స్థానంలో కొత్త రంగు తెరచాపలు ఉన్నాయి. ఆలస్యమైందని గానీ, మానుకున్నామని గానీ ఒక్క ముక్క లేదు. కడప అమ్మాయి కంపెనీకి రాస్తే 'మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది' అని జవాబు వచ్చింది. అది యంత్రం పంపిన జవాబని చిన్నపిల్లాడైనా చెప్పగలడు.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఎక్కువ భాగం బస్టాండులో విచారణ కిటికీ వెనక, మైకు ముందు గడిచింది. ఎదురుచూసేవాళ్లకు కబురు చెప్పడం ఒక్కటే నాకు బాగా తెలిసిన పని, కాబట్టి ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకుందనే అనుకుంటున్నాను. వానకు వంతెన మీద నీళ్లొచ్చి సర్వీసు రద్దయిందని చెబితే జనం కాసేపు తిట్టిపోస్తారు. తరవాత కొందరు వేరే బస్సు చూసుకుంటారు, కొందరు చుట్టాలింటికి వెళతారు. రద్దయిన బస్సును 'వస్తుంది, కూర్చోండి' అంటే మాత్రం చంటిపిల్లతో ఉన్న తల్లి అర్ధరాత్రి దాకా అక్కడే ఉంటుంది. ఆమె కోపం బస్సు రానందుకు కాదు, తెలిసీ చెప్పనందుకు. ఆటల కంపెనీల్లో నాకు కనిపించిన లోపం ఇదే. రాబోయేదాన్ని చెప్పడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. రానిదాన్ని చెప్పడానికి మాత్రం నోరు రాదు.

మన పిల్లలందరికీ తెలిసిన ఉదాహరణ ఫ్రీ ఫైర్ అనే ఫోన్ కాల్పుల ఆట. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన యాప్‌లలో అదీ ఉంది. 2023 ఆగస్టు చివర్లో, 'ఫ్రీ ఫైర్ ఇండియా' పేరుతో సెప్టెంబరు 5న మళ్లీ వస్తున్నామని గరీనా కంపెనీ ఆర్భాటంగా ప్రకటించింది. ప్రచారానికి మహేంద్రసింగ్ ధోనీని తెచ్చారు. మా మనవడు, వాడి స్నేహితులు ఫోన్లలో జాగా ఖాళీ చేసి పెట్టుకున్నారు. తెల్లారితే విడుదల అనగా, సెప్టెంబరు 4న, ఇంకొన్ని వారాలు ఆలస్యమవుతుందని చెప్పారు. ఆటను ఇంకా మెరుగుపరచాలట, ఇక్కడివాళ్లకు తగినట్టు మలచాలట. సరే, అందులో తప్పులేదు, సరిగా లేని బండిని రోడ్డెక్కించడం కంటే ఆపడం మేలు. కానీ ఆ 'కొన్ని వారాలు' 2024 సంవత్సరం మొత్తం గడిచినా పూర్తి కాలేదు.

ఈ మౌనంలో ఏం జరిగిందో ఇంట్లో పిల్లలున్నవాళ్లు చూసే ఉంటారు. కంపెనీ మాట్లాడకపోతే ఆ ఖాళీని యూట్యూబ్ నింపుతుంది. ఎర్రటి బాణం గుర్తులు, నోరు తెరిచిన ముఖం, 'రేపే విడుదల, లింకు కింద ఉంది' అనే వీడియోలు తెలుగులోనే కుప్పలుగా వచ్చాయి. లింకు నొక్కితే ఎవడో తయారుచేసిన ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు) దిగుతుంది. మా మనవడి చేతిలోంచి ఫోను లాక్కోవడం తప్ప నాకు ఇంకో దారి కనబడలేదు. 'తాతయ్యా, కంపెనీవాళ్లు రాదని చెప్పలేదుగా' అన్నాడు వాడు. వాడి వాదనలో నాకు తప్పు దొరకలేదు. అనుమతులు రావడం కంపెనీ చేతిలో లేదనుకుందాం, ఉండకపోవచ్చు కూడా. అదే మాట చెప్పవచ్చు కదా. 'ఇది మా చేతిలో లేదు, తేదీ చెప్పలేం, అంతవరకు ఎవరి దగ్గరా ఏదీ దించుకోవద్దు' అని రెండు వాక్యాలు, నెలకోసారి, తెలుగులో.

తయారుచేసేవాళ్ల వైపు నుంచి వాదన లేకపోలేదు. అంచనా చెబితే దాన్నే మాటిచ్చినట్టు పట్టుకుంటారు, అందుకే చెప్పడం మానేశాం అంటారు. స్టార్ సిటిజన్ అని అంతరిక్ష నౌకల ఆట ఉంది. 2012లో జనం దగ్గర విరాళాలు సేకరించి మొదలుపెట్టారు, 2014లో ఇస్తామన్నారు, ఆ గడువు దాటి పదేళ్లు గడిచినా పూర్తి విడుదల జరగలేదు. తమ పని ఎంతవరకు వచ్చిందో చూపే రోడ్‌మ్యాప్‌ను వాళ్లు అందరికీ కనబడేలా పెట్టేవారు. 2022లో అందులో దూరపు అంచనాలను తీసేశారు. అంచనాలను కొందరు వాగ్దానాలుగా చూసి గొడవ చేస్తున్నారన్నది వాళ్లు చెప్పిన కారణం. నిజమే, గొడవ చేస్తారు. నా కిటికీ ముందు కూడా చేసేవారు. దానికి కిటికీ మూసేయడం విరుగుడు కాదు. ఏది తయారై పరీక్షలో ఉంది, ఏది సగంలో ఉంది, ఏది కేవలం ఆలోచన అన్నది వేరువేరుగా చెబితే, వినేవాడికి ఆ తేడా అర్థమవుతుంది. అన్నిటికీ కలిపి 'త్వరలో' అని ఒకే ముద్ర గుద్దితే ఎవరికైనా ఎలా అర్థమవుతుంది? ఇంకో సంగతి, అంచనాను చూపించి డబ్బు తీసుకున్నాక అది అంచనా మాత్రమే అనడం చెల్లదు. తయారుకాని నదిని పాస్ మీద అచ్చు వేయకుండా ఉంటే ఈ చిక్కే రాదు.

మానుకున్నట్టు చెప్పినా సమయానికి చెప్పాలి. ఓవర్‌వాచ్ 2 అనే కాల్పుల ఆటను 2019 నవంబరులో ప్రకటించినప్పుడు, ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోటీపడకుండా కలిసి కథలో ముందుకు సాగే విభాగమే అందులో ప్రధాన ఆకర్షణ. అది లేకుండానే 2022 అక్టోబరులో ఆట వచ్చింది. అందులో పెద్ద భాగాన్ని వదిలేశామని 2023 మే నెలలో చెప్పారు. ఆ నిర్ణయం అంతకు ముందు ఏడాది చివర్లోనే జరిగిందని ఆట దర్శకుడు ఆరన్ కెల్లర్ తరవాత రాశారు. దాచకుండా ఒప్పుకున్నందుకు ఆయన్ను మెచ్చుకుంటాను. కానీ తెలిసిన రోజుకూ చెప్పిన రోజుకూ మధ్య కొన్ని నెలలున్నాయి, ఆ నెలల్లో ఆట దుకాణం తెరిచే ఉంది. నా అభ్యంతరం అక్కడ.

బాగా చేసినవాళ్లు లేరా అంటే, ఒకరి గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ 2010 సెప్టెంబరులో ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటను విడుదల చేసింది. ఘోరంగా దెబ్బతింది. ఆ ఏడాది డిసెంబరులో యోషిదా నవోకీ అనే ఆయన్ను నిర్మాతగా వేశారు, కొంతకాలం నెలచందా వసూలు ఆపారు. ఆయన 'నిర్మాత ఉత్తరం' పేరుతో ఆటగాళ్లకు రాయడం మొదలుపెట్టాడు. ఏం పాడైందో, ఏది బాగుచేయగలమో, ఏది కుదరదో అందులో ఉండేది. చివరికి 2011లో, ఈ ఆటను మూసి మొత్తం కొత్తగా కడతామని ముందే చెప్పేశారు. 2012 నవంబరులో పాతది మూసేశారు, 2013 ఆగస్టులో కొత్తది తెరిచారు. మూసేయబోతున్న ఆటకు జనం నిలబడి ఉండటం మామూలు సంగతి కాదు.

ఆయన ఉత్తరాలు తరవాత ప్రత్యక్ష ప్రసారాలుగా మారాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. 2021 నవంబరు 23న రావలసిన ఎండ్‌వాకర్ అనే భాగాన్ని రెండు వారాలు వాయిదా వేసినప్పుడు, అది తన నిర్ణయమేనని తన పేరుతోనే చెప్పాడు. డిసెంబరులో అది వచ్చాక జనం విరగబడ్డారు, లోపలికి వెళ్లడానికే గంటల తరబడి వరుసలో ఉండాల్సి వచ్చింది. ప్రపంచమంతా చిప్‌ల కొరత, ఆటను నడిపే కంప్యూటర్లు, అంటే సర్వర్లు, అదనంగా కొందామన్నా దొరకవు. ఆ సంగతి వివరంగా రాశారు, చందాదారులకు ఉచితంగా రోజులు కలిపారు, కొన్నాళ్లపాటు ఆటను అమ్మడమే నిలిపేశారు. సీట్లు లేనప్పుడు టికెట్లు కోయకుండా ఆగిన కంపెనీ గురించి చదివిన రోజు, నిజం చెప్పాలంటే, నాకు వాళ్లకు నమస్కారం పెట్టాలనిపించింది.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో జాగెక్స్ అనే సంస్థ ఇంకో పద్ధతి పెట్టుకుంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే తమ ఆటను 2013లో తెరిచినప్పటి నుంచి పెద్ద మార్పులను ఆటగాళ్ల ఓటుకు పెడుతున్నారు. మొదట నూటికి 75 ఓట్లు కావాలన్నారు, తరవాత దాన్ని 70కి తగ్గించారు. అన్ని ఆటలకూ ఇది సరిపడదు, ఓటింగు పెడితే మా బృందమే రెండుగా చీలుతుంది. అయినా, ఓడిపోయిన ప్రతిపాదన ఓడిపోయినట్టు అందరికీ కనబడుతుంది. నాకు కావలసింది ఆ కనబడటమే.

నోరు మూసుకుని పనిచేసి పేరు తెచ్చుకున్న నో మ్యాన్స్ స్కై అనే అంతరిక్ష ఆట మాటేమిటి అని మా వరంగల్ కుర్రాడు అడిగాడు. 2016 ఆగస్టులో అది వచ్చినప్పుడు, చెప్పినవి లేవని జనం మండిపడ్డారు. తయారీదారులు నెలల తరబడి మాట్లాడలేదు, తరవాత ఒక్కొక్కటిగా మెరుగులు దిద్దుతూ 2018 జులైలో అసలైన బహుళ ఆటగాళ్ల విభాగాన్ని ఇచ్చారు. దేనికీ అదనంగా డబ్బు అడగలేదు కాబట్టి ఆ మౌనం చెల్లింది. సీజన్‌కోసారి చేయి చాపేవాళ్లకు ఆ సౌకర్యం ఉండకూడదు.

అన్నిటికంటే కష్టమైన కబురు ఆట ఎప్పుడు ముగుస్తుందన్నది. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ది క్రూ అనే కార్ల ఆటను 2023 డిసెంబరులో దుకాణాల నుంచి తీసేసి, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేస్తామంది. సర్వర్లు ఆగాక, డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు కూడా దాన్ని ఆడలేకపోయారు. దాని మీదే, అమ్మిన ఆటలను ఆడలేకుండా చేయకూడదంటూ రాస్ స్కాట్ అనే యూట్యూబర్ మొదలుపెట్టిన ఉద్యమానికి ఐరోపాలో 2025 జులై గడువు నాటికి పది లక్షలకు మించి సంతకాలు వచ్చాయి. ఎన్నాళ్లు నడుపుతారన్నది కొనేముందే, కనీసం 'ఫలానా సంవత్సరం వరకు తప్పకుండా' అని రాయడం అసాధ్యమేమీ కాదు. మందు సీసా మీద గడువు తేదీ వేస్తున్నారు కదా.

హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే స్టూడియోలు కొన్ని ఉన్నాయి. విదేశీ కంపెనీలకు ఉన్న భారీ జనసందోహం వాళ్లకు లేదు, ఆటగాళ్లతో నేరుగా మాట్లాడే వీలు మాత్రం ఉంది. వాళ్లు ఇప్పుడే ఒక అలవాటు చేసుకుంటే బాగుంటుంది. ఏ ప్రకటన ఎంత పెద్ద అక్షరాల్లో, ఏ పేజీలో వేశారో, దాన్ని మానుకున్నప్పుడు అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ఆ సంగతీ వేయాలి. కారణం ఒక్క పేరా చాలు. దాన్ని నమ్మి కొన్నవాడికి డబ్బు వెనక్కి ఇచ్చే గడువు కూడా అందులోనే ఉండాలి. కింద ఒక మనిషి పేరు ఉండాలి, 'మా బృందం' అంటే కుదరదు.

ఇక మీతో మాట. మీ పేజీలో వచ్చే 'త్వరలో' కబుర్లను నేను నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంటున్నాను. ఏడాదికి ఒక్కసారి, డిసెంబరు చివరి ఆదివారం, ఆ ఏడు మీరు అచ్చువేసిన విడుదల వార్తలన్నీ ఏమయ్యాయో ఒక పట్టిక వేయండి: వచ్చింది, వాయిదా పడింది, మానుకున్నారు, జవాబు లేదు. చివరి గడిలో వేసేముందు కంపెనీలకు ఒక ఉత్తరం రాసి అడగండి. సిబ్బంది చాలరంటే నా నోటు పుస్తకం తెచ్చి ఇస్తాను, ప్రయాణం ఖర్చు కూడా అడగను.

ఇట్లు
విశ్రాంత బస్టాండు ఉద్యోగి,
తెనాలి