ఆల్బుమిన్ అంకెను జాతకంలా చదవొద్దు

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ చికిత్స ముగించుకున్నవారు ఎన్నాళ్లు బతుకుతారో మామూలు రక్తపరీక్షతోనే చెప్పవచ్చన్న ధోరణిలో ఆరోగ్య పేజీల్లో వార్తలు తరచూ వస్తున్నాయి. వాటి వెనకున్న పరిశోధనల్లో పస లేకపోలేదు. వాటిని చెబుతున్న తీరు మాత్రం రోగులను అక్కర్లేని భయానికీ, అక్కర్లేని ఖర్చుకూ గురిచేస్తోందన్నది నా అభ్యంతరం.

ఆ వార్తల్లో రక్తపరీక్ష అంకెలను కలిపి కట్టే సూచికల పేర్లు కొత్తగా వినిపించినా, వాటిలో చాలావాటి ముడిసరుకు పాతదే: కాలేయం తయారుచేసే రక్తంలోని ప్రొటీన్ ఆల్బుమిన్, ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు పెరిగే సి-రియాక్టివ్ ప్రొటీన్, తెల్ల రక్తకణాల్లో రెండు రకాలైన న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, వాటితోపాటు ప్లేట్‌లెట్లు. 1984లో జపాన్‌కు చెందిన ఒనొదెరా బృందం జీర్ణవ్యవస్థ క్యాన్సర్ల శస్త్రచికిత్సలో ముప్పును అంచనా వేయడానికి వాడిన పోషణ సూచికనే తీసుకుంటే, డెసిలీటరు రక్తంలోని ఆల్బుమిన్ గ్రాములను పదితో హెచ్చవేసి, దానికి మైక్రోలీటరు రక్తంలోని లింఫోసైట్ల సంఖ్యలో 0.005 వంతును కలపాలి. ఆల్బుమిన్ 4, లింఫోసైట్లు 1,800 ఉన్నవారికి 49 వస్తుంది, ఆల్బుమిన్ 3.2కు, లింఫోసైట్లు 1,200కు తగ్గితే అది 38కి పడిపోతుంది. ఈ అంకె తక్కువగా ఉన్నవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నట్లు అనేక రకాల క్యాన్సర్లలో కనిపించిన మాట నిజం.

అయితే ఆ తగ్గుదలను తిండి తక్కువైందన్న అర్థంలో తీసుకోవడంతోనే చిక్కంతా మొదలవుతోంది. ఒంట్లో ఎక్కడైనా వాపు ప్రక్రియ రగులుతున్నప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేతాలు అందుకున్న కాలేయం సి-రియాక్టివ్ ప్రొటీన్‌ను పెంచి, ఆల్బుమిన్ తయారీని తగ్గిస్తుంది. ఉన్న ఆల్బుమిన్‌లోనూ కొంత రక్తనాళాల నుంచి కణజాలంలోకి జారిపోతుంది. మరోపక్క, తిండి మానేసి శల్యావశిష్టులైన అనొరెక్సియా రోగుల్లో ఆల్బుమిన్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. అందుకే ఆల్బుమిన్‌ను పోషణకు కొలమానంగా వాడవద్దని, అది వాపు ప్రక్రియకు గుర్తని అమెరికాకు చెందిన పోషణ వైద్య సంఘం ఆస్పెన్ 2021లో స్పష్టంగా ప్రకటించింది. సి-రియాక్టివ్ ప్రొటీన్, ఆల్బుమిన్‌లను బట్టి క్యాన్సర్ రోగులకు మార్కులు వేసే సవరించిన గ్లాస్గో స్కోరులోనైతే, సి-రియాక్టివ్ ప్రొటీన్ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటనంతవరకూ ఆల్బుమిన్ ఎంత తగ్గినా వచ్చే మార్కు సున్నాయే. రిపోర్టులో ఆల్బుమిన్ పక్కన తక్కువ అని కనబడగానే ప్రొటీన్ పొడి డబ్బా కొనుక్కొచ్చేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి కదా! క్యాన్సర్ రోగులకు ప్రొటీన్ అవసరమే. యూరప్ మార్గదర్శకాలు రోజుకు కిలో బరువుకు గ్రాము నుంచి గ్రామున్నర వరకు సూచిస్తున్నాయి. కానీ దాగి ఉన్న ఇన్ఫెక్షన్‌నో, తిరగబెట్టిన కణితినో, కాలేయ జబ్బునో, మూత్రంలో పోతున్న ప్రొటీన్‌నో పొడి డబ్బా నయం చేయదు.

ఇలాంటి మరో సూచికైన న్యూట్రోఫిల్స్, లింఫోసైట్ల నిష్పత్తి మరీ చంచలమైనది. 4,500 న్యూట్రోఫిల్స్‌కు 1,500 లింఫోసైట్లు ఉంటే నిష్పత్తి 3. అదే మనిషి స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నాక మొదటివి 8,000కు పెరిగి, రెండోవి 800కు తగ్గితే నిష్పత్తి 10 అవుతుంది. జబ్బు ముదరలేదు, మందు తన పని తాను చేసిందంతే.

ఈ తరహా పరిశోధనల్లో చాలావాటికి ఆధారం అమెరికా జాతీయ ఆరోగ్య, పోషణ సర్వే సమాచారం. అందులో క్యాన్సర్ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా అన్న ప్రశ్నకు అవునన్నవారినే క్యాన్సర్ నుంచి బయటపడినవారిగా లెక్కిస్తారు. జబ్బును ఏ దశలో గుర్తించారో, ఏ చికిత్స జరిగిందో అందులో సరిగా తెలియదు. సాధారణంగా ఒక్కసారి తీసిన రక్తాన్నే తర్వాతి ఏళ్ల మరణాల రికార్డులతో పోలుస్తారు. అక్కడ తేలేది ఒక గుంపుకూ మరో గుంపుకూ మధ్య తేడాయే తప్ప, ఫలానా మనిషి గడువు కాదు. పైగా ఎక్కువకూ తక్కువకూ మధ్య గీతను చాలాసార్లు ఆ సమాచారం నుంచే ఎంచుకుంటారు కాబట్టి, ఒక అధ్యయనంలోని గీత మరో అధ్యయనంలో నిలవదు.

కాబట్టి ఇటువంటి వార్త వేసేటప్పుడు రక్తం ఎన్నిసార్లు తీశారో, చికిత్స ముగిసిన ఎన్నాళ్లకు తీశారో, లెక్కలోకి తీసుకున్నది క్యాన్సర్ మరణాలనా లేక అన్ని మరణాలనా అన్నది రెండు వాక్యాల్లోనైనా రాయాలని కోరుతున్నాను. వీటన్నిటికంటే చవకైన కొలత ఒకటి వార్తల్లో దాదాపు కనిపించదు: బరువు. 2019లో ప్రచురితమైన అంతర్జాతీయ పోషణలోప ప్రమాణాల్లో పోషణ కొలతగా ఆల్బుమిన్‌కు చోటు లేదు. ఆరు నెలల్లో 5 శాతానికి మించిన బరువు నష్టానికి, కండ తగ్గడానికి, తిండి తగ్గడానికి ఉంది. అరవై కిలోల మనిషి తెలియకుండానే మూడు కిలోలకు పైగా తగ్గితే, ఆల్బుమిన్ మామూలుగా ఉన్నా సరే, తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. రక్తపరీక్ష అంకె ఒక్కటే చెడిందా, జ్వరమో దగ్గో తగ్గాక అదే పరీక్షను మళ్లీ చేయించి, రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి చూడమని డాక్టరును అడగాలి.

ఇట్లు,
మీ పాఠకుడు