సున్నా దగ్గర వాలు ఎంత?

ఒరేయ్,

నీ ఉత్తరం నిన్ననే అందింది. సైన్, పవర్, లాగ్‌ల అవకలన సూత్రాలన్నీ, అంటే ఏ చోట వక్రం వాలు ఎంతో చెప్పేవి, బట్టీ పట్టినా లెక్క దగ్గర కూర్చోగానే కలగాపులగం అయిపోతున్నాయని రాశావు. టెన్షన్ పడకు. విడివిడిగా గుర్తుపెట్టుకోవడంలోనే ఉంది చిక్కంతా. మూడింటికీ మూలం ఒకటేనని నాకు ఈమధ్యే తట్టింది. అప్పటినుంచీ నీకు రాయాలని ఒకటే ఆత్రం.

క్యాలిక్యులేటర్ తీసుకో. రేడియన్లలో (డిగ్రీల్లాగే కోణాలకు ఇంకో కొలత) పెట్టి సైన్ 0.1 నొక్కు, 0.0998 వస్తుంది. సైన్ 0.01 నొక్కితే 0.0099998. ఎంత ఇస్తే దాదాపు అంతే తిరిగి వస్తోంది కదా? అంటే సున్నా దగ్గర సైన్ వాలు 1. ఇప్పుడు డిగ్రీలకు మార్చి సైన్ 1 నొక్కు. 0.01745! డిగ్రీల్లో పనిచేస్తే సైన్ అవకలజం (ఏ చోటైనా వాలును ఇచ్చేది) ఉత్త కాస్ కాదు, కాస్‌ని 0.01745తో గుణించాలి. రెండోసారి అవకలనం చేస్తే ఆ సంఖ్య మళ్ళీ వచ్చి మెడకు చుట్టుకుంటుంది. ఆ గుదిబండ వదిలించుకోవడానికే రేడియన్లు. ఇక కాస్ సంగతంటావా, సున్నా దగ్గర అది శిఖరం మీద ఉంటుంది, అక్కణ్ణుంచి దిగడమే. అందుకే దాని అవకలజం మైనస్ సైన్.

ఇప్పుడు 2 పవర్ ఎక్స్. దీనికి నువ్వు ఘాతాన్ని ముందుకు తెచ్చి, ఒకటి తగ్గించి రాశావు. అది ఎక్స్ స్క్వేర్ లాంటివాటికి నడుస్తుంది, ఇక్కడ ఎక్స్ ఉన్నది పైన. 2 పవర్ 0.001 కట్టి, అందులోంచి 1 తీసేసి, 0.001తో భాగించు. 0.6934 వస్తుంది, సున్నా దగ్గర దీని వాలు దాదాపు అంత. 2 బదులు 3 పెడితే 1.0992. మరి సరిగ్గా 1 ఎక్కడ రావాలి? 2కీ 3కీ మధ్య ఎక్కడో. అదే 2.71828..., మనం ‘ఈ’ అని పిలిచే సంఖ్య! కోణాలకు రేడియన్ చేసిపెట్టిన పనే ఘాతాలకు ఇది చేసిపెడుతుంది.

సున్నా దగ్గర తెలిస్తే చాలు, మిగతా చోట్లా తెలిసినట్టే. ఎక్స్‌కి కొంచెం కలిపితే 2 పవర్ ఎక్స్‌ని ఒక సంఖ్యతో గుణించినట్టు అవుతుంది, అంతే. కాబట్టి ఎక్కడైనా వాలు అంటే అక్కడి ఎత్తును సున్నా దగ్గరి వాలుతో గుణించడమే. ‘ఈ’ విషయంలో సున్నా దగ్గరి వాలు 1, అందుకే దాని అవకలజం అదే. 2కి మాత్రం లాగ్ 2 (10 కాదు, ‘ఈ’ ఆధారంగా తీసుకున్న లాగ్), అంటే 0.6931.

లాగ్ నాకు అన్నిటికన్నా ఇష్టం. ముందు వచ్చే అంకెల్ని పక్కన పెడితే, ఎక్స్ క్యూబ్‌ని అవకలనం చేస్తే స్క్వేర్ వస్తుంది, స్క్వేర్‌ని చేస్తే ఎక్స్, ఎక్స్‌ని చేస్తే 1. తర్వాతది స్థిరాంకం, దానికి సున్నా. ఆ కిందటి మెట్టు 1/ఎక్స్, దాన్ని చేస్తే మైనస్ 1/ఎక్స్ స్క్వేర్. ఈ వరుసలో 1/ఎక్స్ ఎవరికీ అవకలజం కాలేదు చూశావా? ఆ ఖాళీలో కూర్చునేది లాగ్. ‘ఈ’ పవర్ ఎక్స్ వక్రాన్ని అడ్డం, నిలువు తారుమారయ్యేలా అద్దంలోలా తిప్పితే వాలు తలకిందులవుతుంది కదా, 1/ఎక్స్ వచ్చేది అలాగే. గుణకారాలను కూడికలు చేయడానికి స్కాట్లాండ్ గణితజ్ఞుడు నేపియర్ 1614లో లాగ్ పట్టికలు వేశాడు. అవకలనం కనిపెట్టిన న్యూటన్, లైబ్నిట్జ్ ఇంకా పుట్టనేలేదు! పట్టికల కోసం పుట్టింది వచ్చి సరిగ్గా ఈ ఖాళీలో అమరడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఎక్స్ పవర్ ఎక్స్ చేసి చూడు. కిందా పైనా ఎక్స్ ఉంది కాబట్టి ఏ ఒక్క సూత్రమూ నేరుగా పనిచేయదు. ముందు రెండువైపులా లాగ్ తీసుకో. ఎక్స్ 1 అయినప్పుడు వాలు ఎంత వచ్చిందో తిరుగు ఉత్తరంలో రాయి.

నీ నేస్తం