అన్ని వాదనలూ దండగ కాదు

సంపాదకులకు నమస్కారం.

నెట్‌లో వాదించడమంత దండగమారి పని ఇంకోటి లేదని మొన్న మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాశారు. సగం ఒప్పుకుంటాను. నేను తెలుగు అక్షరాలు కొట్టే లేఖిని సైటులో టైపు చేసి, తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలిలో కనిపించిందా లేదా అని చూసుకున్న కాలం నాటివాణ్ణి. మధ్యలో చాలా ఏళ్లు మానేసి, రిటైరయ్యాక ఈమధ్యే మళ్లీ మా ఊరి సంగతులు రాస్తున్నాను. అప్పట్లో మానేసింది రాయడం విసుగొచ్చి కాదు, రాసిన తర్వాత వచ్చే గొడవలు పడలేక. కానీ గొడవలన్నీ ఒకే రకం కావు కదా.

తిరుపతి పుట్టినరోజు సంగతే చూడండి. రామానుజాచార్యులవారు 1130 ఫిబ్రవరి 24న గోవిందరాజస్వామి గుడి దగ్గర ఈ ఊరికి పునాది వేశారంటూ 2022 నుంచి వేడుక చేస్తున్నారు. దాని మీద నేను నాలుగు ముక్కలు రాస్తే, ఒకాయన "అంతకుముందు ఇక్కడ మనుషులే లేరా సామీ?" అని దిగాడు. ఎకసెక్కమేమో, వదిలేద్దామనుకున్నా. ఆయన అక్కడితో ఆగలేదు. తిరుచానూరు పక్కనున్న యోగిమల్లవరం పరాశరేశ్వరాలయంలో చోళుల కాలపు శాసనాలున్నాయి, కొండ మీద గుడికి పల్లవ రాణి సామవై వెండి విగ్రహం ఇచ్చిన శాసనం 966 నాటిదంటారు, మరి పైన గుడి, కింద తిరుచానూరు ఉన్నప్పుడు మధ్య దారిలో ఊరే లేకుండా ఎట్లా ఉంటుందని అడిగాడు. నిలదీసే ప్రశ్నే! గుడి చుట్టూ వీధులు తీర్చి ఊరు కట్టడం వేరు, అంతకుముందు జనం ఉండటం వేరు అన్నది నా వాదన. దేవస్థానం వాళ్లు 1930ల్లో అచ్చు వేయించిన శాసన సంపుటాలు ముందు పెట్టుకుని ఇద్దరం కొన్నాళ్లు రాసుకున్నాం. ఇప్పటికీ ఆయన మాట ఆయనదే, నా మాట నాదే, అయినా ఆ కొన్నాళ్లూ దండగ అంటే ఒప్పుకోను, ఎందుకంటే ఇద్దరం చదివి మాట్లాడుకున్నాం.

కాయితాలుంటే చాలని కూడా కాదులెండి. హనుమంతుడు పుట్టింది మన తిరుమల కొండల్లోని అంజనాద్రిలోనా, కర్ణాటకలోని కిష్కింధలోనా అని 2021 మే నెలలో మన సంస్కృత విద్యాపీఠంలో పండితులే ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఎవరి పట్టు వాళ్లదే. పండితులకే తేలనిది ఫోన్లో బొటనవేళ్లతో నేను తేల్చేదేముంది? భక్తి సంగతికొస్తే నేను దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను.

రూ.300 దర్శనం టికెట్లు ఇప్పిస్తాం, ఈ నంబరుకు డబ్బులు కొట్టండి అని మెసేజీ వస్తే మాత్రం తప్పుకోను. టీటీడీ సొంత సైటు, యాప్ తప్ప ఇంకెక్కడా కొనొద్దని ఒక్కసారి రాస్తాను, అంతే. పంపినవాడు నాతో వాదనకు దిగినా పలకను, నేను రాసింది వాడి కోసం కాదు, ఆ గ్రూపులో నోరెత్తకుండా చదివి వారంలో పిల్లాజెల్లాతో కొండకు బయల్దేరేవాళ్ల కోసం.

అసలు దండగంటే ఏమిటో 2022లో చూశాం. జనవరిలో వచ్చిన కొత్త జిల్లాల ముసాయిదా నోటిఫికేషన్లో మన జిల్లా పేరు 'శ్రీ బాలాజీ జిల్లా'. అభ్యంతరాలు చెప్పడానికి 30 రోజుల గడువు. అప్పటికి మన కలెక్టరేట్ చిత్తూరులోనే. ఆ నెలంతా వాట్సాప్‌లో బాలాజీ అనాలా, తిరుపతి అనాలా అని పొద్దస్తమానం కొట్టుకున్నారు, కొందరు మాటలు కూడా మానుకున్నారు, పెళ్లికి పిలవకుండా వదిలేసిన ఇళ్లు కూడా ఉన్నాయి మా వీధిలో. ఇంతా చేసి "అర్జీ రాశారా సార్?" అంటే "మన మాట ఎవరు వింటార్లే" అన్నారు! వింటామని సర్కారే చెప్పి గడువిచ్చిన నెల అది. చివరికి ఏప్రిల్ 4న అది తిరుపతి జిల్లాగానే ఏర్పడింది. కొత్త పేరు చూసి సంబరపడిన వాట్సాప్ వీరుల్లో ఎంతమంది తెల్లకాయితం మీద ఒక్క ముక్కన్నా రాసుంటారు?

అందుకే ఇప్పుడు ఎవరన్నా నాతో వాదనకొస్తే, ఇది ఇంకా మారడానికి వీలుందా, మార్చగలిగినవాళ్లకు చెప్పావా అని ముందు అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తోంది. రానీండి.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి ముసాయిదా ఏదొచ్చినా, నాయకులు ఒకరినొకరు తిట్టుకున్న మాటలకిచ్చే చోటులో కొంచెం తగ్గించి, అభ్యంతరాలు ఎవరికి, ఏ తేదీలోపు, ఎలా పంపాలో జిల్లా పేజీలో పైనే వేయండి. ఒక్కరోజుతో సరిపెట్టకుండా గడువు అయ్యేదాకా వారానికోసారైనా మళ్లీ వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి