గ్రీన్ ఛానల్ కంటే ముందు గడిచే గంటలు

సంపాదకులకు,

రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్ ఆపి ‘గ్రీన్ ఛానల్’ ఇచ్చి, దానంగా వచ్చిన గుండె ఉన్న పెట్టెతో అంబులెన్సును గన్నవరం విమానాశ్రయానికి పంపినప్పుడల్లా పత్రికల్లో ఫొటోలు వస్తాయి. పోలీసుల శ్రమకు ఆ గౌరవం దక్కాల్సిందే. అయితే అవయవాలు చేజారేది ఆ దారిలో కాదు, దానికి ముందు ఐసీయూలో గడిచే గంటల్లో. వాటి గురించి పాఠకులకు దాదాపు ఏమీ చేరడం లేదు.

తలకు గట్టి దెబ్బ తగిలినా, మెదడులో రక్తనాళం చిట్లినా వాపు పెరిగి, చివరికి మెదడు కాండానికి (మెదడును వెన్నుపాముతో కలిపే కింది భాగానికి) రక్తం అందడం ఆగిపోవచ్చు. ఊపిరిని నడిపించేది ఆ కాండమే. అది పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోవడాన్నే బ్రెయిన్ డెడ్ అంటారు. వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తున్నంతసేపు గుండె కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. దాంతో ఇంటివాళ్లు ఇంకా ప్రాణం ఉందనే అనుకుంటారు. కోమా అలా కాదు. కోమాలో కాండం పనిచేస్తూ ఉంటుంది, కొందరు కోలుకుంటారు. బ్రెయిన్ డెడ్ అయినవారిలో తిరిగి కోలుకోవడమనేది లేదు. చట్టం దాన్ని మరణంగానే చూస్తుంది.

దాన్ని ఒక్క డాక్టరు తేల్చేయరు. ఆస్పత్రి బాధ్యుడైన వైద్యుడు, ఆమోదిత జాబితాలోని నిపుణుడు, న్యూరాలజిస్టు లేదా న్యూరోసర్జన్, చికిత్స చేస్తున్న వైద్యుడు, ఇలా నలుగురు చూడాలి. మార్పిడి ఆపరేషన్ చేసే బృందంలోని వారెవరూ ఇందులో ఉండకూడదు. మత్తుమందుల ప్రభావం లేదని, శరీరం చల్లబడలేదని, సోడియం, షుగర్ అదుపులో ఉన్నాయని ముందే తేల్చుకోవాలి. తర్వాత కంట్లో టార్చి వేసి, కార్నియాను (కంటి ముందున్న పారదర్శక పొరను) దూదితో తాకి, చెవిలో చల్లని ఐసు నీళ్లు పోసి, గొంతులో గొట్టం కదిపి స్పందన ఉందేమో చూస్తారు. ఆఖరున, సొంతంగా ఊపిరి వస్తుందేమో చూసే ఆప్నియా పరీక్ష. వెంటిలేటర్ తీసి, గొట్టం ద్వారా ఆక్సిజన్ ఇస్తూనే 8 నుంచి 10 నిమిషాలు ఛాతీని గమనిస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 దాటినా ఒక్క శ్వాస కూడా రాకపోతే కాండం పనిచేయనట్టే. కనీసం 6 గంటలు ఆగి ఇదంతా మళ్లీ చేయాలి. రెండుసార్లూ ఇదే తేలితేనే బ్రెయిన్ డెడ్ అని ధ్రువీకరించే ఫారం 10 మీద నలుగురూ సంతకాలు పెడతారు. ఈలోగా వేళ్లో కాలో కదిలితే బంధువులు ఉలిక్కిపడతారు. ఆ కదలిక వెన్నుపాము నుంచి వచ్చేది, దానితో మెదడుకు సంబంధం లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆస్పత్రి మీద నమ్మకం అక్కడే పోతుంది.

ఈ గంటల్లోనే దేహం అదుపు తప్పుతుంది. పిట్యూటరీ గ్రంథి హార్మోన్ ఆగిపోవడంతో మూత్రం గంటకు 300 మిల్లీలీటర్లు కూడా దాటుతుంది. ఒంట్లో నీరు తగ్గి సోడియం పెరుగుతుంది. అది 155 దాటితే లివర్ దెబ్బతింటుంది. రక్తనాళాలు సడలి బీపీ పడిపోతే ముందుగా దెబ్బతినేవి కిడ్నీలు. ఆగిన హార్మోన్‌కు బదులుగా వాసోప్రెసిన్, బీపీ నిలిపే నార్ అడ్రినలిన్, సరిపడా సెలైన్, వెచ్చని దుప్పట్లు, గంటగంటకూ మూత్రం కొలత, కొన్ని గంటలకోసారి రక్తపరీక్ష ఉండాలి. ‘ఇక చేసేదేముంది’ అని ఈ దశలో నర్సింగ్ శ్రద్ధ తగ్గితే, కుటుంబం ఒప్పుకొనేసరికి ఇవ్వడానికి పనికొచ్చే అవయవం మిగలదు. మాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇదే.

అడిగే తీరు కూడా ముఖ్యం. మరణవార్త చెప్పే మాట, దానం గురించి అడిగే మాట ఒకే గుక్కలో రాకూడదు. ముందు వైద్యుడు మరణం గురించి చెప్పాలి. వాళ్లు అది జీర్ణించుకున్నాక, తర్ఫీదు పొందిన అవయవదాన కోఆర్డినేటర్ కూర్చుని అడగాలి. దాత కార్డు ఉన్నా, దగ్గరి బంధువు సమ్మతి పత్రమైన ఫారం 8 మీద సంతకం చేయనిదే మన దగ్గర పని ముందుకు సాగదు. కాబట్టి కార్డు తీసుకున్నవారు ఆ మాట ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాలి. అవయవం ఎవరికి వెళ్లాలో కుటుంబం నిర్ణయించదు. బ్లడ్ గ్రూపు, నమోదు వరుస, రోగి పరిస్థితి చూసి రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ కేటాయిస్తుంది. డబ్బు చేతులు మారితే 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా.

ఆపరేషన్ సంగతికొస్తే, చల్లని ద్రావణం ఎక్కించి రక్తం కడిగేశాక గుండె, ఊపిరితిత్తులు, లివర్, కిడ్నీలు ఆ క్రమంలో తీస్తారు. తీశాక మరొకరికి అమర్చడానికి గుండెకు 4 గంటలు, లివర్‌కు 8 నుంచి 12, కిడ్నీలకు 24 గంటలు దాటినా వ్యవధి ఉంటుంది. దేహాన్ని కుట్లు వేసి అప్పగిస్తారు. చేసే నైపుణ్యం మన దగ్గర లేక కాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాస్పత్రి (జీజీహెచ్)లో 2016లోనే గుండె మార్పిడి చేశారు.

నేత్రదానానికి ఇవేవీ అక్కర్లేదు. ఇంట్లో మరణించినా 6 గంటల్లోపు కార్నియా ఇవ్వొచ్చు. ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టి ఐబ్యాంకుకు ఫోన్ చేయాలి.

ఇక పోలీసు శాఖకు, ఫోరెన్సిక్ వైద్యులకు మా విన్నపం. ప్రమాద కేసుల్లో పంచనామా, పోస్టుమార్టం తప్పవు. కానీ సూర్యాస్తమయం తర్వాత పోస్టుమార్టం చేయకూడదన్న పాత పద్ధతిని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో మార్చింది. సరైన వెలుతురు, వసతి ఉన్న ఆస్పత్రిలో, హత్య, ఆత్మహత్య వంటి అనుమానం లేని కేసుల్లో, అవయవదానం కోసం రాత్రిపూట కూడా చేయొచ్చు. అయినా ‘పొద్దున రండి’ అన్న జవాబు విని కుటుంబాలు మనసు మార్చుకుంటున్నాయి. ఈ ఉత్తర్వు ప్రతిని జాతీయ రహదారి వెంట ఉన్న ప్రతి స్టేషన్‌లో, ప్రతి ఐసీయూలో గోడకు అంటించాలని, మీ పత్రిక కూడా దాని సారాంశాన్ని జిల్లా పేజీలో ప్రచురించాలని కోరుతున్నాం.

– ఐసీయూ వైద్యులు, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్లు, విజయవాడ