ఆన్‌లైన్ డిగ్రీ మన వర్సిటీలే ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉదయగిరిలో పదకొండేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. రేషన్ కార్డు మొదలు హాల్‌టికెట్ దాకా ఊరి కాయితాలన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. ఈ రెండేళ్లుగా ఆన్‌లైన్ డిగ్రీ దరఖాస్తులు ఎక్కువయ్యాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

పోయిన నెల చెక్క స్పూన్లు చెక్కే ఒకమ్మాయి వచ్చింది. ఇంటర్ పాసై తొమ్మిదేళ్లయింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు. గ్రూప్-2 రాయాలని ఉంది, దానికి డిగ్రీ ఉండాలి. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ డిగ్రీలో చేరాలంటే ఇప్పుడు ముందుగా డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. దానికి ఏబీసీ ఐడీ (విద్యార్థి చదువు లెక్కలు దాచే ఖాతా నంబరు) కావాలి. దానికి ఆధార్ ఓటీపీ. ఆమె ఆధార్‌కు లింకై ఉన్నది బెంగుళూరులో పని చేసుకునే భర్త నంబరు. ఆయన పనిలో ఉండి ఫోన్ ఎత్తడం లేదు. "రెండు నిమిషాలు ఆగన్నా, ఇప్పుడే ఎత్తుతాడు" అంటూ నాలుగుసార్లు చేసింది. ఎత్తేసరికి ఓటీపీ టైం దాటిపోయింది. మళ్లీ పంపాం, మళ్లీ దాటిపోయింది. గంటంబావు పట్టింది. వెనక జనం గొణుగుతుంటే నేనే విసుక్కున్నాను గానీ ఆమె కుర్చీ వదల్లేదు.

ఐడీ చేతికొచ్చాక అడిగింది, "మన నెల్లూరు యూనివర్సిటీలో పెట్టన్నా" అని. ఆన్‌లైన్ డిగ్రీకి అనుమతున్న యూనివర్సిటీల జాబితా తెరిచి చూస్తే ఆ పేరు లేదు. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలు మాత్రం బోలెడున్నాయి. పాఠాలు ఇంగ్లీషులో, ఫోన్ చేస్తే హిందీలో. ఫీజు చూసి ఆమె ఏమీ అనలేదు, ప్రింటు తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె అడిగిన నెల్లూరు యూనివర్సిటీ, అంటే కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, 2008లో వచ్చింది. ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం 2022లో వచ్చింది. సంతోషమే. కానీ మాకు నెల్లూరే వంద కిలోమీటర్ల దూరం. కాకుటూరు ఆ నెల్లూరు కూడా దాటాక వస్తుంది. కనిగిరి, పామూరు వాళ్లకు ఒంగోలైనా అంతే. పొద్దున వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, కూలికో కొట్టుకో పోయే మనిషికి ఈ రెండు యూనివర్సిటీలూ ఉన్నా లేనట్టే.

ఇంటి దగ్గరుండి డిగ్రీ చదవడమనేది పాశ్చాత్య దేశాల నుంచి కొత్తగా వచ్చిన ఆలోచన అనుకోవద్దు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయం పుట్టింది మన తెలుగు నేల మీదే, 1982లో. ఢిల్లీలోని జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో వచ్చింది ఆ తర్వాత మూడేళ్లకు. ఇవాళ అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ యూనివర్సిటీలోనే, ఇంటర్ కూడా లేని మా చిన్నాన్న అర్హత పరీక్ష రాసి బీఏ చేశాడు. ఆదివారం ఆదివారం క్లాసులకు పోయొచ్చేవాడు. ఆ తెలుగు పుస్తకాలను గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఇప్పటికీ నా దగ్గర జెరాక్స్ తీయించుకుంటారు. (తీయకూడదని తెలుసు, ఏం చేయను.) రాష్ట్రం విడిపోయాక ఆ యూనివర్సిటీ హైదరాబాదులోనే ఉండిపోయింది. నలభై ఏళ్ల కిందట అంత బాగా చేసి చూపిన పనిని ఇటువైపు మళ్లీ ఎవరూ గట్టిగా తలకెత్తుకోలేదు.

అధికారులు నిబంధనలు చూపిస్తారు. నిజమే, ఆన్‌లైన్ డిగ్రీ పెట్టాలంటే కాలేజీల నాణ్యత చూసి మార్కులేసే న్యాక్‌లో మంచి స్కోరన్నా ఉండాలి, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలోనన్నా ఉండాలి. యూజీసీ 2020లో తెచ్చిన నిబంధనలవి. వాటిని సడలించమని నేను అడగను. సడలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కాలేజీ మొహం చూడకుండా మూడేళ్ల డిగ్రీ ఆరు నెలల్లో ఇప్పిస్తామనే ఏజెంట్లు నెలకొకరు నా షాపుకొస్తారు. ఆన్‌లైన్‌లో నర్సింగు, ఫార్మసీ, ఇంజనీరింగు పెట్టకూడదని నిబంధనే ఉన్నా ఆ పేర్లు వేసిన పాంఫ్లెట్లు ఇచ్చి పోతారు. గీత గీయాల్సిందే. కానీ ఆ గీత అందుకోవాలంటే ముందు శాశ్వత అధ్యాపకులుండాలి. ఖాళీలు నింపకుండా గెస్టు లెక్చరర్లతో బండి లాగిస్తే న్యాక్ స్కోరు ఎక్కడి నుంచి వస్తుంది?

అనుమతి వచ్చేదాకా ఊరుకోనక్కర్లేదు కూడా. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే స్వయం పోర్టల్ కోర్సుల ద్వారా 40 శాతం దాకా క్రెడిట్లు (డిగ్రీకి లెక్కేసే పాయింట్లు) తీసుకోవచ్చని యూజీసీయే చెప్పింది. మన డిగ్రీ కాలేజీల్లో చేరి, రోజూ రాలేక మానేసేవాళ్లకు ఇది ఇవాళే ఇవ్వొచ్చు. ఇలాంటి దారి ఉందని నా దగ్గరికొచ్చే విద్యార్థుల్లో ఒక్కరికీ తెలియదు.

పరీక్షల సంగతి ఇంకొకటి. నిరుడు ఒక కుర్రాడు ఇలాంటి బయటి యూనివర్సిటీ పరీక్షను నా షాపులోనే రాశాడు. ఇంట్లో సిగ్నల్ లేదు. కెమెరా ముందు తల తిప్పకూడదు, వెనక మనిషి కనపడకూడదు. నా షాపులో మనుషులు కనపడకుండా ఎట్లా? జెరాక్స్‌కు వచ్చినవాళ్ల తలలు కనపడి రెండు హెచ్చరికలొచ్చాయి. మూడోది వస్తే పేపరు రద్దు. షట్టర్ సగం దించి, గంటన్నర బేరాలు మానుకుని బయట కాపలా కూర్చున్నాను. లోపల వాడికెంత టెన్షనో, బయట నాకంత. అదే ఆత్మకూరులోనో వింజమూరులోనో డిగ్రీ కాలేజీలో ఆదివారం పూట కూర్చోబెట్టి రాయిస్తే ఈ అవస్థంతా ఉండదు. పరీక్షా కేంద్రంలో ఇన్విజిలేటర్ల మధ్య పెన్నూ పేపరుతో రాయించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి.

కోవిడ్ నాటి ఆన్‌లైన్ క్లాసులు గుర్తు చేసి నవ్వేవాళ్లున్నారు. ఇంటర్ అవగానే కాలేజీకి పోగలిగిన పిల్లలు కాలేజీకే పోవాలి, అందులో నాకు రెండో మాట లేదు. నేను చెప్పేది పోలేనివాళ్ల గురించి. వాళ్లకు చెప్పాల్సింది బీఏ, బీకాం. అదీ తెలుగులో, ప్రభుత్వ కాలేజీ ఫీజుకు.

ఒకటి మాత్రం ఈ రెండు యూనివర్సిటీల పెద్దలు మీ పత్రిక ద్వారానైనా జనానికి చెప్పాలి. ఆన్‌లైన్ డిగ్రీ పెట్టే ఆలోచన ఉందా? ఉంటే ఎప్పటికి? ఆ అమ్మాయి రెండు రోజులకొకసారి షాపు ముందు నుంచే పోతుంది. అడిగినప్పుడల్లా ఇంకా చూస్తున్నానమ్మా అంటున్నాను.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా