విద్యార్థి సహాయ విభాగం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

మన విభాగం ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. విదేశాల్లో పూర్తి డిగ్రీ చదవాలనుకునే పిల్లల దరఖాస్తులను ఆదివారాలు కమ్యూనిటీ హాలు పక్క గదిలో కూర్చుని, పైసా తీసుకోకుండా చూసి పెడుతున్నాం. ఈ ఏడాదీ ఆ పని ఆగలేదు. ఆగకుండా చూసినవాళ్ళకు ముందు కృతజ్ఞతలు.

పిల్లల దరఖాస్తు వ్యాసాలన్నీ అక్షరం అక్షరం చదివిన విశ్రాంత ఇంగ్లిషు మాస్టారికి, ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు గారికి, బ్యాంకు లోన్ల సంగతులు విడమరచి చెప్పిన మాజీ మేనేజరు గారికి, జిరాక్సులకు డబ్బులు తీసుకోని షాపు యజమానికి, టీ, ఉప్మా ఏర్పాట్లు చూసిన మహిళా విభాగానికి, వర్షం పడినా వేళకు తాళం తీసిన వాచ్‌మన్ దంపతులకు పేరుపేరునా ధన్యవాదాలు. ప్రొజెక్టరు అరువిచ్చిన సభ్యునికి, ఫ్లెక్సీ ఖర్చు భరించిన మందుల షాపు సోదరులకు కూడా.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది నవంబరులో జరిపిన దరఖాస్తుల పరిశీలన శిబిరం. ఉదయం తలుపు తీసేసరికే మెట్ల మీద పిల్లలు, తల్లిదండ్రులు ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. మన విశాఖలోని గాజువాక, పెందుర్తి, మధురవాడ నుంచే కాదు, అనకాపల్లి నుంచి కూడా వచ్చారు. ఒక బల్ల దగ్గర సర్టిఫికెట్లు, ఒక బల్ల దగ్గర ఎస్ఓపీలు (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో పిల్లలు రాసే వ్యాసాలు), ఇంకో బల్ల దగ్గర లోన్లు. ప్రారంభోత్సవానికి తప్పకుండా వస్తానన్న ప్రజాప్రతినిధి రాలేదు. ఆయన కోసం ముందు వరుసలో వేసిన కుర్చీలు మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉంచాం. చివరికి పిల్లల్నే కూర్చోబెట్టాం.

ఎస్ఓపీల బల్ల దగ్గర జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. వేర్వేరు కాలేజీల నుంచి వచ్చిన ముగ్గురి వ్యాసాలు ఒకే వాక్యంతో మొదలయ్యాయి: చిన్నప్పటి నుంచి టెక్నాలజీ అంటే ఎంతో ఆసక్తి అని. అడిగితే ముగ్గురూ ఒకే కన్సల్టెన్సీలో డబ్బు కట్టినవాళ్ళు. వాళ్ళలో ఒక మెకానికల్ కుర్రాడిని మన ఇంజినీరు గారు, “అదంతా పక్కన పెట్టు బాబూ, నీ చేత్తో నువ్వు చేసిన పని ఏదైనా ఉందా?” అని అడిగారు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, ఆటోనగర్‌లో మేనమామ లేత్ షాపు ఉందని, 2023 నవంబరులో ఫిషింగ్ హార్బరులో బోట్లు తగలబడ్డాక వరసగా మరమ్మతులు వచ్చాయని, సెలవుల్లో తనూ వెళ్ళి మరబోట్ల ప్రొపెల్లర్ షాఫ్టులు కొలిచేవాడినని చెప్పాడు. బేరింగు ఒక పక్కే ఎందుకు అరుగుతుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఉప్పునీళ్ళు, ఇసుక, షాఫ్టు వంపు, మూడూ కలిపి చెప్పాడు. ఇంత సంగతి ఉన్న కుర్రాడి వ్యాసంలో ఆ షాపు ఊసే లేదు! మాస్టారు పక్కనే కూర్చుని వాక్యాలు సరిచేశారే గానీ ఒక్క వాక్యం కూడా తాను రాయలేదు. ఫిబ్రవరిలో ఆ కుర్రాడికి ఎంఎస్‌కి ఆఫర్ లెటర్ వచ్చింది. స్వీట్లు తీసుకుని నేరుగా మాస్టారి ఇంటికే వెళ్ళాడు.

దరఖాస్తు పిల్లవాడిదే అయి ఉండాలని మన విభాగం మొదటి నుంచీ పట్టుబడుతోంది ఇందుకే. ద్వారకానగర్‌లో అడుగడుగునా కన్సల్టెన్సీలున్నాయి. చాలామంది తల్లిదండ్రులు మార్కుల మెమోలు వాళ్ళ చేతుల్లో పోసి, పాస్‌వర్డులు కూడా వాళ్ళకే వదిలేస్తున్నారు. ఉచితం అన్నచోట ఆ ఖర్చు కమీషన్ రూపంలో యూనివర్సిటీ నుంచి వస్తుంది. కమీషన్ ఇచ్చే యూనివర్సిటీలే వాళ్ళ జాబితాలో ముందుంటాయి. తరగతులకు వెళ్ళక్కర్లేదు, చేరిన రోజు నుంచే పని చేసుకోవచ్చు అని ఎవరైనా చెబితే లేచి వచ్చేయండి. 2011లో కాలిఫోర్నియా ట్రై-వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం వ్యవహారంలో, 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో చిక్కుకున్నవాళ్ళలో చాలామంది మన తెలుగు పిల్లలే. ఆ రెండోది వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా అధికారులే బూటకపు యూనివర్సిటీ పెట్టి పన్నిన వల.

సర్టిఫికెట్ల బల్ల దగ్గర ఎక్కువగా తేలింది పేర్ల గొడవ. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో. ఇలా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని మూడక్షరాలు పడతాయి. దరఖాస్తు మొదలుపెట్టకముందే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో సరిచేయించుకోండి. గడువుల సంగతీ అంతే. డిసెంబరు 15 రాత్రి 11.59 అంటే అమెరికా తూర్పు తీరం లెక్కలో మనకు 16 ఉదయం 10.29. ఆ పూట సర్వరు మొరాయిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. వారం ముందే పంపేయమని ఎన్నిసార్లు చెప్పినా చివరి రాత్రి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

ట్రాన్స్‌క్రిప్టుల (అన్ని సెమిస్టర్ల మార్కులతో విశ్వవిద్యాలయం ఇచ్చే అధికారిక పత్రాల) విషయంలో మాత్రం కోపం దాచుకోలేకపోతున్నాను. ఒక విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం చుట్టూ మన పిల్లలు వారాల తరబడి తిరిగారు. ఫీజు చలానా కట్టాక కూడా సంతకం పెట్టే అధికారి సెలవులో ఉన్నారనో, సీలు వేసిన కవర్లు అయిపోయాయనో తిప్పి పంపారు. సంఘం లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరానికి ఇంతవరకు జవాబు లేదు. రికమండేషన్ లెటర్లదీ అదే తీరు. “నువ్వే రాసుకురా, సంతకం పెడతా” అనే అధ్యాపకులకు, యూనివర్సిటీ నుంచి లింకు నేరుగా వాళ్ళ కాలేజీ ఈమెయిల్‌కే వస్తుందని, దాన్ని వాళ్ళే తెరిచి నింపాలని పిల్లలే నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది.

అమెరికాకు వెళ్ళాల్సినవాళ్ళకు ఈ ఏడాది మొదట్లోనే పెద్ద దెబ్బ తగిలింది. 2025 మే నెలాఖరులో విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేశారు. జూన్ 18న మళ్ళీ మొదలుపెడుతున్నామని చెబుతూ సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా ఉంచాలన్నారు. యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం ఐ-20 చేతిలో ఉండి, విదేశీ విద్యార్థుల నమోదుకు 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి, ఇంటర్వ్యూ స్లాటు లేక రాత్రంతా కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లల్ని చూశాం. స్లాటు దొరికినవాళ్ళు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చారు. దొరకనివాళ్ళలో కొందరు చేరికను జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టరుకి డిఫర్ (వాయిదా) చేయించుకున్నారు. డిఫర్ ఉత్తరం ఎలా రాయాలో మన గదిలోనే కూర్చుని రాసుకున్నారు.

జర్మనీ వైపు ఆసక్తి పెరిగింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్ళకు సెమిస్టరుకు 1,500 యూరోలు. అయితే మన చదువు కాగితాలు అసలువేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్టుకు 18,000 రూపాయలు, యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్‌కు మొదటి దరఖాస్తుకు 75 యూరోలు, తరవాత ఒక్కోదానికి 30. వీటికి తోడు ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంతే తీయగల ఖాతాలో) చూపాలి. మన డబ్బుల్లో 12 లక్షల పైమాటే.

ఈ లెక్క దగ్గరే వేపగుంట నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆగిపోయింది. ఇల్లు సొంతమే, తాతల నాటిది. కానీ సింహాచలం దేవస్థానంతో హక్కుల వివాదంలో ఉన్న పంచగ్రామాల భూమి. రిజిస్ట్రేషన్లు లేవు. బ్యాంకు ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అప్రూవల్ అడిగితే ఇంటి పన్ను రసీదు తప్ప చూపడానికి ఏమీ లేదు. ఒక బ్యాంకు బ్రాంచిలో ఫైలు కూడా తెరవకుండా పంపేశారు. మన మాజీ మేనేజరు గారు తండ్రీకూతుళ్ళను వెంటబెట్టుకుని ఇంకో బ్యాంకుకు వెళ్ళి, తాకట్టు లేకుండా 7.5 లక్షల దాకా గ్యారంటీ పథకం కింద ఇవ్వొచ్చని వాళ్ళ సర్క్యులరే వాళ్ళకు చూపించారు. మిగతాది తండ్రి పీఎఫ్, మేనమామ సాయం. ఆ తండ్రి బయటికొచ్చి మేనేజరు గారి రెండు చేతులూ పట్టుకున్నారు, మాట రాలేదు. అడవివరం, వేపగుంట వైపు ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. భూసమస్య మన సంఘం పరిధి కాదు, నిజమే. కానీ ఆ ఇళ్ళలో పిల్లలకు లోను దారి చూపడం మన పనే అని నా అభిప్రాయం.

జమాఖర్చుల పట్టిక కుర్చీల మీద ఉంచాం. ఆడిట్ అయింది. శిబిరం ఖర్చులు పోను స్వల్ప మిగులుంది. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

ఇక వాలంటీర్ల సంగతి. క్రిందటి సమావేశంలో చేతులెత్తినవాళ్ళలో సగం మంది కూడా గదికి రాలేదు. వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షలకు దొరికే తీరిక, ఒక ఎస్ఓపీ చదవడానికి దొరకడం లేదు. విదేశాల్లో స్థిరపడిన మన సభ్యుల పిల్లలు వీడియో కాల్‌లో పిల్లలతో మాట్లాడతామన్నారు. తేదీ ఇచ్చాక ఒకరిద్దరు తప్ప కనబడలేదు. మాస్టారికి కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయిన నెలలో కూడా ఆయనే వచ్చి కూర్చున్నారు, పెద్దక్షరాల్లో ప్రింటు తీయించుకుని. ఈ మాట సభ్యులు పట్టించుకోవాలని కోరుతున్నాను.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ముందు ఉంచుతున్నవి: ఆదివారం డ్యూటీ పట్టిక రాతపూర్వకంగా వేయాలి, ఇంగ్లిషు చదివి దిద్దగలవాళ్ళు కనీసం నలుగురు కావాలి, పరీక్షల విభాగానికి మరోసారి ఉత్తరం రాసి అధ్యక్షులే స్వయంగా అందజేయాలి. విభాగం సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది, ఈ సమావేశంలోనే భర్తీ చేయాలి. ఈ సెప్టెంబరు, అక్టోబరుల్లో జర్మనీ చేరాలనుకునేవాళ్ళు ఏపీఎస్ కాగితాలు ఇప్పటికే పంపి ఉండాలి. పంపనివాళ్ళు ఈ ఆదివారమే మెమోలు, పాస్‌పోర్టు తీసుకుని పది గంటలకు గదికి రావాలి.

ఇట్లు,
కార్యదర్శి,
విద్యార్థి సహాయ విభాగం,
విశాఖపట్నం