వాన పటాల పని: 2025 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడు సంఘం పనిలో ఎక్కువ భాగం ఒక్కటే: వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల నేల ఎత్తుల పటం మీద ఉపగ్రహ మేఘచిత్రాన్ని సరిగ్గా కూర్చోబెట్టడం. పటం చూడముచ్చటగా రావడం తేలికే, అది నిజం చెప్పడమే కష్టం. అందుకే ఎక్కడెక్కడ తప్పిందో ఎక్కువ రాస్తున్నాం.

ఎత్తులకు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి నేల ఎత్తులు కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం రాడార్ డేటా వాడాం. పటంలో ఒక్కో గడి నేల మీద సుమారు 30 మీటర్లు. వరంగల్ నగరం సరిగ్గా 18 డిగ్రీల అక్షాంశ గీత అంచున ఉంది కాబట్టి డిగ్రీకొకటిగా ఉండే డేటా ముక్కల్లో ఒక్కటే దించుకుంటే ఊరు సగానికి తెగుతుంది. ఉత్తర అక్షాంశం 17, 18, తూర్పు రేఖాంశం 79, 80 ముక్కలు నాలుగూ కావాలి. వాటిని పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో కలిపి, మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చిన తర్వాతే గుట్టల నీడలు చూపే హిల్‌షేడ్ వేయాలి. డిగ్రీల్లోనే ఉంచి వేస్తే అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో ఉండి పటమంతా నలుపు తెలుపు మచ్చలవుతుంది. మన దగ్గర నేల చదును, పైగా ఈ డేటాలో ఎత్తులు పూర్ణ మీటర్లలోనే ఉంటాయి. ఎత్తును ఎన్ని రెట్లు పెంచి చూపాలో చెప్పే జడ్ ఫ్యాక్టర్ 4 పెడితే గుట్టలు కనబడ్డాయి, 8 పెడితే పొలాల్లో లేని మెట్లు పుట్టాయి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు రాడార్ చెట్ల తలలను కొలిచింది కాబట్టి అక్కడి ఎత్తులను కాస్త అనుమానంతోనే చూడాలి.

మేఘాలకు ఇస్రో ఉపగ్రహ డేటా వెబ్‌సైట్ మోస్‌డాక్ నుంచి ఇన్సాట్-3డీఆర్ ఉపగ్రహపు ఉష్ణ పరారుణ చిత్రాలు (మేఘం తల ఎంత చల్లగా ఉందో చూపేవి) తీసుకున్నాం. గడి 4 కిలోమీటర్లు. దాన్ని 30 మీటర్లకు చీల్చినా కొత్త సమాచారమేమీ రాదు, రంగు నునుపవుతుందంతే. మొదట వేసిన పటాలన్నీ ఐదున్నర గంటలు తప్పాయి: ఫైలు పేరులో ఉండేది యూటీసీ (గ్రీనిచ్) సమయం. యూటీసీ 0300 అంటే మనకు ఉదయం 8.30, వానమాపకం లెక్క మూసే వేళ. రెండో తప్పు పట్టుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఉపగ్రహం భూమధ్యరేఖ మీద నుంచి మనల్ని ఏటవాలుగా చూస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తున్న మేఘం తల పటంలో ఆరు కిలోమీటర్ల దాకా ఉత్తరానికి, కొంచెం తూర్పుకు జరిగి పడుతుంది. మేఘాన్ని అంతమేర వెనక్కి లాగకపోతే వాన పక్క వాగు పరీవాహకంలో పడినట్టు చూపిస్తుంది.

చల్లటి మేఘమంతా వాన కాదు. 235 కెల్విన్ (సుమారు మైనస్ 38 డిగ్రీల సెల్సియస్) కన్నా చల్లనైన చోట గంటకు 3 మిల్లీమీటర్లు అనే పాత సూత్రం నెలల సగటుకు, పెద్ద విస్తీర్ణానికి పనికొస్తుంది గానీ మండలానికి కాదు. మేఘం అంచున పరచుకునే పలచటి పొర కూడా చల్లగానే ఉంటుంది, చుక్క రాలదు. అందుకే చివరి మాట వానమాపకానిదే.

ఈ పటాలను 2023 జూలై 27 మీద పరీక్షించాం. ఆ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది ఆ రోజే. అంత వాన ఒక చదరపు కిలోమీటరు మీద పడితే ఆరున్నర లక్షల ఘనపు మీటర్లు, చెరువుల లెక్కలో సుమారు 23 ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపుటడుగులు).

పడిన వాన ఎటు పారుతుందో ఎత్తుల పటం మీద గీయించేటప్పుడు పని ఇరుక్కున్నది చెరువు కట్టల దగ్గర. కట్ట పైన ఒక బండి నడిచేంత వెడల్పే ఉంటుంది, 30 మీటర్ల గడిలో సగటైపోతుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో గొలుసుకట్టు చెరువులన్నీ గండి పడినవే. నీరు నేరుగా కట్ట దాటి పోయినట్టు గీత గీస్తుంది. మందు ఇది: కట్ట మీదుగా గీత గీసి, ఆ గడుల ఎత్తు 5 మీటర్లు పెంచాలి. గీత తాకిన ప్రతి గడీ పెరగాలి. లేకపోతే మూలకు మూల తగిలే గడుల సందులోంచి నీరు ఏటవాలుగా జారిపోతుంది, అడ్డుకట్ట వేసీ లాభముండదు. మత్తడి (అలుగు) ఉన్న చోట మాత్రం ఒక గడి పెంచకుండా వదలాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్ పటంలోని గుంటలు పూడ్చే దశలో చెరువు మత్తడి మట్టం దాకా నిండి అక్కడే దుంకుతుంది. మత్తడి వదలడం మరిచిపోయిన ఒక పటంలో నీరు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) పక్కనుంచి తప్పించుకుని వేరే వాగులో కలిసింది, చూసినవాళ్లెవరూ నమ్మలేదు, నమ్మకపోవడమే మంచిదైంది.

చెరువు అడుగు లోతు మాత్రం ఈ డేటాతో తేలదు. నీళ్లున్న చోట రాడార్ చూసింది నీటి మట్టాన్నే.

ఉపగ్రహ చిత్రాలను నేరుగా అందుకునే, డాబా మీది వీ-ఆకారపు యాంటెన్నా సంగతి క్లుప్తంగా. చెరో చేయి 53.4 సెంటీమీటర్లు, మధ్య 120 డిగ్రీలు. అమెరికా వాతావరణ ఉపగ్రహాల్లో నోవా-18 జూన్‌లో, 15, 19 ఆగస్టులో ఆగిపోయాయి. అదే యాంటెన్నా 137.9 మెగాహెర్ట్జ్ దగ్గర రష్యా మెటియోర్ ఉపగ్రహాలకు పనికొస్తుంది, తీగ మార్చనక్కర్లేదు.

వచ్చే వానాకాలానికి ముందు కట్టల కొలతలు కావాలి. మీ ఊరి చెరువు కట్ట పొడవు, మత్తడి పొడవు, మత్తడి కన్నా కట్ట ఎంత ఎత్తో టేపుతో, నీటి గొట్టం లెవెల్‌తో కొలిచి మే నెలాఖరులోగా ఇవ్వండి. ఫోన్ జీపీఎస్ ఎత్తు రాయకండి. కొన్ని ఫోన్లు సముద్ర మట్టానికి సరిచేయకుండా చూపే అంకె మన దగ్గర సుమారు 70 మీటర్లు తక్కువ వస్తుంది.